ప్రసాదరావు గుండెకి లామినేషన్

జహీరాబాద్ బస్టాండు ఎదురు గల్లీలో బాలమణి జిరాక్స్ షాపు పెట్టి ఏడాదిన్నర అయింది. అంతకుముందు పదకొండేళ్లు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కాంట్రాక్టు మీద ఫైళ్లు కుట్టింది. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి పోయాయి, ఇక నువ్వు ఇంటికి పో అన్నారు. పోయింది. ఆ కంప్యూటర్లోకి పోయిన కాగితాలనే జనం మళ్లీ బయటికి తీయించుకుని, సంచుల్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం చూసింది. "గీ దేశంల మనిషి సస్తడు గని కాగితం సావదు" అని తేల్చుకుని షాపు తెరిచింది.

షాపు బాగానే నడిచింది. ఒక్కటే వెలితి. వచ్చినవాళ్లలో సగం మంది లామినేషన్ ఉందా అనేవాళ్లు, కాలేజీ పిల్లలు బైండింగ్ చేస్తరా ఆంటీ అనేవాళ్లు. లేదనగానే చేతిలో ఉన్న జిరాక్స్ పని కూడా పట్టుకుని పక్క గల్లీకి పోయేవాళ్లు. అందుకని రెండు మిషన్లూ కొనాలనుకుంది. అనుకుని ఊరుకోక, ఆ మాట నలుగురిలో పైకి అనేసింది.

మిషను ముట్టని మనిషికే మిషన్ల గురించి ఎక్కువ తెలుసునని ఆమెకు అప్పటిదాకా తెలియదు. భర్త జగన్‌మోహన్ ఝరాసంగం దాకా షేరింగ్ ఆటో నడుపుతాడు. ట్రిప్పుకు ఎనిమిది మంది ఎక్కితే ఎనిమిది మందినీ అడిగి, సాయంత్రానికి సలహాలు మూట కట్టుకొచ్చేవాడు.

"ఎర్ర మిషను తీస్కోవద్దంట. జల్ది ఖరాబైతదంట."

"ఎవలన్నరు?"

"మేకను పట్టుకొని ఎక్కిండు ఒకాయన."

"ఆయననెందుకడిగినవ్, మేకనడగకపోయినవా? కాగితం సంగతి దానికే మంచిగ తెలుసు."

జగన్‌మోహన్ సలహాలు ఇంట్లో వచ్చి ఇంట్లోనే పోయేవి. ప్రసాదరావుగారివి అలా కాదు, షాపులోనే కుర్చీ వేసుక్కూచునేవి. ఆయనది కోస్తా. ముప్పై ఏళ్ల కిందట ఉద్యోగానికని వచ్చి, ఫ్యాక్టరీ స్టోర్సులో రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. రోజూ పదింటికల్లా బాలమణి షాపుకొచ్చి పేపరు మొత్తం చదివి, అందులోని అచ్చుతప్పుల కింద గీతలు గీసి మడిచిపెట్టేవాడు. ఆయన వెళ్లాక పేపరు చూస్తే గీతలే కనిపించేవి, వార్తలు కనిపించేవి కావు.

ఆయనకు రెండు ఆస్తులున్నాయి. ఒకటి ఈసీజీ. కిందటేడు గ్యాసు పట్టేసి గుండెనొప్పి అనుకుని దవాఖానకి పోతే, అక్కడి డాక్టరు పాతికేళ్ల కుర్రాడి గుండె అండీ మీది అన్నాడట. అప్పట్నించీ ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టినవాడికల్లా చూపిస్తున్నాడు. రెండోది ఆయన రాసుకున్న జీవితచరిత్ర. నూట ఎనభై పేజీలు. అందులో మొదటి అరవై పేజీలు ఆయన పుట్టకముందువి.

"చూడమ్మా బాలమణీ," అన్నాడు ఒకరోజు, "హైదరాబాదు డీలరు దగ్గర్నించి కుర్రాణ్ణి పిలిపిస్తున్నాను. వస్తువు కొంటే కంపెనీ వస్తువే కొనాలి. నా ఈసీజీ లామినేషనూ, నా పుస్తకం బైండింగూ నీ మిషన్ల మీద మొదటి బోణీలు కావాలి."

"అట్లనే సారూ," అంది బాలమణి. కాదంటే ఇంకో గంట కూర్చుంటాడని భయం.

మంగళవారం పొద్దున అనిల్ అనే ఆ కుర్రాడు టై కట్టుకుని దిగాడు. లామినేషన్ మిషను డబ్బాలోంచి తీసి బల్ల మీద పెడితే, కొత్త పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టినట్టే ఉంది. తెల్లటి ఒళ్లు, నీలం దీపాలు, ముట్టుకుంటే కుయ్యిమని చప్పుడు. బైండింగుకేమో జిగురుతో అట్ట అంటించే మిషను ఫోటోలు చూపించాడు. అట్ట మీద బంగారు అక్షరాలు కూడా వేయొచ్చన్నాడు. ఆ ముక్క వినగానే ప్రసాదరావుగారి కళ్లు కూడా బంగారు రంగుకి తిరిగాయి.

బాలమణి మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. "దీన్ల ఏ కాగితం పెట్టొద్దు బాబూ?"

"పెట్టకూడనిదంటూ ఏదీ లేదు మేడమ్. ఏదైనా పెట్టొచ్చు."

"పెట్టొద్దన్నది ఒక్కటన్న ఉంటది గదా?"

"లేటెస్ట్ మోడల్ మేడమ్ ఇది," అన్నాడు అనిల్. అదే జవాబన్నట్టు నవ్వాడు కూడా.

ప్రసాదరావుగారు అప్పటికే జేబులోంచి ఈసీజీ తీశాడు. బాలమణి చెయ్యి చాపింది. "ఇటియ్యున్రి సారూ, ఒక జిరాక్స్ తీసి ఇస్త." ఒరిజినల్ ఏ మిషనులోకి పోవాలన్నా ముందు నకలు తీసి పెట్టడం ఆమెకు పదకొండేళ్ల అలవాటు. ఇప్పుడెందుకు మేడమ్ అని అనిల్ నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. నకలు తీసి బల్ల సొరుగులో వేసి, అసలు కాగితం ఇచ్చింది.

ఆ పాటికి షాపులో ఆరేడుగురు పోగయ్యారు. ఆధార్ జిరాక్సుకని న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అందరికంటే ముందు నిలబడింది. అనిల్ ఈసీజీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలిలో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూపించి, మిషను నోట్లో పెట్టాడు. కుయ్యిమంది. ఒక పక్కనుంచి గుండె లోపలికి పోయింది. రెండో పక్కనుంచి బయటికి రావడం మొదలైంది.

ముందు ఒక నల్లటి అంచు వచ్చింది. తర్వాత ఇంకా నల్లటిది వచ్చింది. ఆఖరికి మొత్తం బయటపడేసరికి గీతా లేదు, గళ్లూ లేవు, పేరూ లేదు. కాటుక పలకలా నిగనిగలాడుతూ, అంచులు బ్రహ్మాండంగా అతుక్కుని ఉంది.

ముసలమ్మ వంగి చూసింది.

"అయ్యో సారూ, గుండె మాడింది గదా!"

"ఏవిటయ్యా ఇది?" ప్రసాదరావుగారు ఆ నల్లటి ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "నా గుండె ఏదీ?"

"అది... పేపర్ క్వాలిటీ సర్," అన్నాడు అనిల్. "దవాఖాన వాళ్లది తప్పు."

అది తప్పు కాదు, ఆ కాగితం తీరే అంత. వేడి తగిలితే అచ్చు పడే కాగితం అది, మిషనులో ఆ చివర్నించి ఈ చివరిదాకా వేడే తగిలింది. ఆ సంగతి బాలమణికి అప్పుడు తెలియదు. కానీ పెట్టకూడనిది ఏదీ లేదన్నవాడికి మాత్రం కచ్చితంగా తెలిసి ఉండాలి. తెలిసీ చెప్పలేదా, తెలియకే అమ్ముతున్నాడా? రెండింట్లో ఏదైనా ఈ పిల్లగాడి దగ్గర కొనేది లేదని అక్కడికక్కడే అనుకుంది.

ప్రసాదరావుగారు కుర్చీలో కూలబడి ఛాతీ పట్టుకున్నాడు. పాతికేళ్ల గుండె గనుక తట్టుకుంది. బాలమణి సొరుగులోంచి నకలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిరగేసి మరగేసి చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇది అచ్చంగా అలాగే ఉందమ్మా."

"దానికన్న నయమే సారూ. ఇది మడతలు పడ్డా ఫికర్ లేదు, నూరు తీస్త."

అనిల్ మిషను డబ్బాలో పెట్టుకుని, టై వదులు చేసుకుని, హైదరాబాదు బస్సెక్కాడు.

మర్నాడు జగన్‌మోహన్ ఆటోలో ఒక సలహాకి బదులు ఒక మనిషినే తెచ్చాడు. పేరు చెన్నబసప్ప. బీదర్ వైపు. కాలేజీలకీ ఆఫీసులకీ పాత మిషన్లు బాగుచేసి అమ్ముతాడు. ఆయన తెచ్చిన లామినేషన్ మిషను బూడిదరంగు ఇనప డబ్బా. దీపాలు రెండే, అందులో ఒకటి వెలగదు. బైండింగుకి బొక్కలు పొడిచి ప్లాస్టిక్ తీగ ఎక్కించే స్పైరల్ మిషనేమో చేత్తో నొక్కే పిడి ఉన్నది, చెరుకు రసం బండి తమ్ముడిలా ఉంది.

"దీన్ల ఏ కాగితం పెట్టొద్దు అన్నా?" అనడిగింది బాలమణి.

చెన్నబసప్ప కింద చాప మీద కూర్చుని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఆయన తెలుగులో వద్దుకి బదులు మధ్య మధ్య కన్నడం బ్యాడ పడేది. "ఏటీఎం చీటీ బ్యాడక్కా, నల్లగైతది. ఈసీజీ బ్యాడ."

"అది సూసినం."

"తడి కాగితం పెట్టొద్దు. పాత ఫోటోకు వేడి బ్యాడ, ఈ స్విచ్చు చల్లటి దిక్కు తిప్పి పెట్టాలె. పిన్ను కొట్టిన కాగితం పెడితే రోలరుకు గీత పడ్తది. పదో తరగతి మెమో పెడితే మిషనుకేం కాదు, మనిషికైతది. ఆఫీసుల సీలు కొట్టమంటే ప్లాస్టిక్ మీద యాడ కొడ్తరు?" రెండో చేతి వేళ్లు మొదలుపెట్టాడు. "ఇంకా ఉన్నయ్. నీళ్లిస్తవా?"

నీళ్లు తాగి, స్క్రూలు విప్పి మిషను పొట్ట తెరిచి చూపించాడు. కవరు ఇరుక్కుంటే ఏ పిడి తిప్పాలో, రోలరు ఎలా తుడవాలో ఆమె చేతనే చేయించాడు. స్పైరల్ మిషనుకి ఒకసారికి పది కాగితాలే పెట్టమన్నాడు. "పన్నెండు పెడితే?" అంటే, "పెట్టు, సాయంత్రం నాకు ఫోను చేస్తవు" అన్నాడు.

ప్రసాదరావుగారు ముఖం చిట్లించాడు. "ఏవమ్మా, ఈ ఇనప సామాను కొంటావా? నా పుస్తకానికి బంగారు అక్షరాలు?"

"సారూ, ఆ బంగారు అట్ట జిగురుతోని అతుకుతది, ఇప్పితే పుస్తకమే చిరుగుతది. ఇదైతే రేపు ఒక పేజీ తప్పు పోయిందనుకో, తీగ తిప్పి తీసి మల్ల పెట్టొచ్చు."

"నా పుస్తకంలో తప్పులా!" అని ఆయన అరిచాడు గానీ, బోణీ మాత్రం వదులుకోలేదు. బాలమణి రెండు మిషన్లూ కొన్న మొదటిరోజే పద్దెనిమిది సార్లు పిడి నొక్కి, నూట ఎనభై పేజీలకీ బొక్కలు వేసింది. పక్కన నిలబడి ఆయన ప్రతి నొక్కుకీ మెల్లగా, మెల్లగా అన్నాడు, పురుడు పోయించేటప్పటిలాగా. తెల్లటి ప్లాస్టిక్ తీగ ఎక్కించి, కొసలు మడిచి చేతికిస్తే, గుండెకి ఆనించుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఆయన భార్య పద్మావతిగారు వచ్చింది. ఆమె షాపుకు రావడం అదే మొదటిసారి. సంచిలోంచి ఆ పుస్తకమే తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మాయ్, ఇది విప్పడం వస్తుందా?"

"వస్తదమ్మా. ఏమైంది, తప్పు పడ్డదా?"

"నూట నలభై రెండో పేజీ చూడు."

బాలమణి తీసి చూసింది. ఆ పేజీలో ఒకచోట ఇలా ఉంది: ఆ సంవత్సరమే నాకు వివాహమైనది, స్టోర్సులో కొత్త ర్యాకులు కూడా వచ్చినవి. తర్వాత పదకొండు పేజీలు ర్యాకుల గురించే.

బాలమణికి నవ్వాగలేదు. పద్మావతిగారికి కూడా ఆగలేదు. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక ఆవిడ ఎనిమిది తెల్లకాగితాలు తీసింది. చేత్తో రాసినవి, గుండ్రటి అక్షరాలు.

"ఇవి అక్కడ పెట్టాలి. ర్యాకులకి ముందు."

"సారుకు తెలుసా?"

"ఆయన తన ఒక్కడి సంగతీ రాసేటప్పుడు నన్నడిగారా?"

న్యాయమే అనిపించింది బాలమణికి. తీగ కొస నిటారు చేసి, తిప్పి తిప్పి బయటికి లాగి, ఎనిమిది కాగితాలకీ బొక్కలు నొక్కి, నూట నలభై రెండు తర్వాత పెట్టి, మళ్లీ తీగ ఎక్కించింది. ఎక్కిస్తూ రెండు పేజీలు చదివేసింది కూడా. పెళ్లైన కొత్తలో జీతం రోజున ప్రసాదరావుగారు ఇంటికి తెచ్చిన కోడి, దాన్ని కొయ్యలేక ఇద్దరూ ఏడ్చి, దానికి పేరు పెట్టి రెండేళ్లు పెంచడం ఉంది అందులో.

ఆ తర్వాత వారం రోజులు ప్రసాదరావుగారు షాపు వైపు రాలేదు. బాలమణికి గుబులు పట్టింది. "నీకెందుకే ఆలుమగల మధ్యల తీగ తిప్పుడు?" అని జగన్‌మోహన్ దెప్పాడు.

ఎనిమిదో రోజు పదింటికి ఆయన వచ్చాడు. పేపరు ముట్టుకోలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

"వాకింగు మిత్రులకి చదవడానికిచ్చానమ్మా. అందరూ ఆ ఎనిమిది పేజీలే చదివారు. కోడి తర్వాత ఏవయింది, కోడి తర్వాత ఏవయింది అని చంపేస్తున్నారు. వాళ్లలో రెడ్డిగారైతే ర్యాకులు తీసెయ్యమన్నారు."

"అయితే పేజీలు తియ్యమంటరా సారూ?"

ఆయన పుస్తకం తీగని వేలితో నిమిరాడు. "తియ్యొద్దు. ఆవిడ ఇంకో పాతిక పేజీలు రాస్తోంది. పొద్దున కాఫీ కూడా ఆలస్యమైంది." పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు. "ఆ రాసేవి పూర్తయ్యాక ఐదు కాపీలు కావాలి. తీగ కొంచెం పెద్దది చూడు."

"మరి ర్యాకులు?"

"ఉంచు," అని లేచి, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "సగం ఉంచు" అన్నాడు.