ఒంటి స్పీకరు పెట్టెలు

ఫ్యాను ఆపించారు. కిటికీలు మూయించారు. కళ్యాణదుర్గంలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోమంటే మనుషుల్ని పెనం మీద వేయించడమే. కానీ మా ఆయన పాట వింటున్నప్పుడు గాలి కూడా చప్పుడు చేయకూడదు. కిరాణా అంగడి మా అబ్బాయికి అప్పగించినప్పటి నుంచి రామకృష్ణయ్యగారికి ఇదొక్కటే యావ. ఇంట్లో కూర్చుని పాట వినడానికి మంచి స్పీకర్లు కావాలి.

సొంతంగా స్పీకర్లు తయారుచేసే భరత్‌కుమార్ అనంతపురం నుంచి రెండు జతలు తెచ్చాడు. ఒక జతలో పెట్టెకు రెండేసి స్పీకర్లు, బరువు స్వరాలకు పెద్దది, సన్నటి మోతకు చిన్నది. రెండో జతలో పెట్టెకు ఒక్కటే. అరచేయంత కాగితపు కోను, అన్ని స్వరాలూ అందులోంచే రావాలి. మా ఆయన మనసు అప్పటికే ఆ ఒంటి స్పీకరు మీద పడింది.

"మనిషికి నోరు ఒకటే గదప్పా! పాట రెండు తావుల నుంచి వస్తే మనిషి పాడినట్టు ఉంటాదా?" అన్నారు.

పరీక్షకు పెట్టింది పోయిన శనివారం ఆంజనేయస్వామి గుడిలో జరిగిన భజన, ఎవరో ఫోనులో రికార్డు చేసి పంపింది. పాడింది రాఘవేంద్ర. పక్కన కంచు తాళాలు వేసింది మా ఆయన. ఇద్దరూ పెళ్లిళ్లు కాకముందు నుంచీ అలాగే పక్కపక్కన కూర్చుంటున్నారు. అయితే ఆ శనివారం రాఘవేంద్ర అందరి ముందూ, "రామకృష్ణా, తాళం రోంత మెత్తగా వెయ్యప్పా, పాట మునిగిపోతాండాది" అన్నాడట. అప్పటి నుంచి ఈయన అన్నం కూడా కోపంగానే తింటున్నారు.

భరత్ ముందు ఒంటి స్పీకర్లలో పాట పెట్టాడు. రాఘవేంద్ర మా హాల్లో కూర్చుని పాడుతున్నట్టే ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. మా ఆయన కళ్లు మూసుకుని తల ఊపారు. కాసేపటికి కళ్లు తెరిచారు.

"నా తాళాలు యాడ?"

వంటింటి గడప దగ్గర నిలబడ్డ నాకు అవి ఖంగుఖంగున వినపడుతున్నాయి.

"ఒంటి స్పీకరుతో ఇదొకటి ఉండాదయ్యా," అన్నాడు భరత్. "సన్నటి మోత సూటిగా పోతాది. పక్కకు కూచుంటే తగ్గుతాది." పెట్టెలు రెండూ ఆయన ముఖం వైపు తిప్పి, కుర్చీ మధ్యకు జరిపి, మళ్లీ పెట్టాడు.

"లేవు."

వైర్లు మార్చి రెండో జతలో పెట్టాడు. తాళాలు చెవిలో గుచ్చుకునేంత స్పష్టంగా వచ్చాయి.

"దీంట్లోనూ లేవు."

భరత్ నా వైపు చూశాడు. కుక్కరు కూత పెడుతున్నా ఆయన పక్కనే పేపరు చదువుకుంటూ ఉండడం, మనవరాలు మాట్లాడితే నోట్లో గొణగొద్దని కసరడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఊళ్లో అందరికీ శ్రుతి తప్పిందని చెప్పే మనిషికి చెవి మందగించిందన్న మాట ఎవరు చెప్పాలి?

"అర్థమైంది," అన్నారు మా ఆయన. "వాడే తీయించినాడు. మెత్తగా వెయ్యమనింది చాలక రికార్డులోంచే నన్ను తీసేసినాడు."

"ఎవరూ తీయలేదండీ," అన్నాను.

"నువ్వూ వాని పక్షమేనా? ఈ పొద్దుతో వాని భజనకూ నాకూ చెల్లు!"

ఫోను తీసి రాఘవేంద్రకు కలిపారు. అది మోగుతోంది. ఒక్క మాట నోరు జారితే ఇన్నేళ్ల స్నేహం పోతుంది. నేను దేవుడి గదిలోకి పరుగెత్తి ఆయన తాళాలు తెచ్చాను. ఎదురుగా నిలబడి, ఒకదానికి ఒకటి తగిలించాను.

"ఏమే, ఎగతాళా? కొట్టేదుంటే కొట్టు!"

"కొట్టినానండీ."

మళ్లీ కొట్టాను. ఆయన నా చేతులనే చూస్తున్నారు. ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. మూడోసారి కసిగా కొట్టాను. భరత్ చెవులు మూసుకున్నాడు. అతన్ని చూసి మా ఆయన ఉలిక్కిపడ్డారు.

"అబ్బా!" ఫోన్లోంచి రాఘవేంద్ర గొంతు. "మెత్తగా వెయ్యమంటే ఫోన్లో గూడా కొడతాండావేమప్పా?"

ఆయన నా చేతిలోని తాళాలు తీసుకుని తనే మెల్లగా తగిలించారు. కంచు వణుకు వేళ్లకు తెలిసినట్టుంది. చెవికి మాత్రం రాలేదు.

"రామకృష్ణా, ఉండావా?"

"ఉండాను. మళ్లీ చేస్తా," అని ఫోను పెట్టేశారు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఆ పెట్టెల వైపు తిరిగారు.

"భరతూ, ఒంటివే ఉంచప్పా. గొంతు దాంట్లోనే బాగుండాది. నాకు వినపడేది గొంతే గదా." తర్వాత నన్ను పిలిచారు. "నువ్వు ఈడ కూచో. నా తాళం పడినప్పుడల్లా నా మోకాలి మీద కొట్టు. ఎంత మోత వస్తే అంత గట్టిగా."

భరత్ వైర్లు మార్చి పాట పెట్టాడు. నేను విన్నది విన్నట్టే ఆయన మోకాలి మీద కొడుతూ పోయాను. ఒక చరణం కూడా కాలేదు, ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇంత గట్టిగానా నేను వేసింది?"

"ఇంతేనండీ."

ఆయన ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"పాపం రాఘవేంద్ర," అన్నారు. "ఇన్నాళ్లూ ఎట్ల ఓర్చుకున్నాడో."