మెడ మీది నూనె మరక

మా అమ్మాయి చెవి వెనకాల పిడుదు దొరికిన రోజున నేనొక మాట అనేశాను. ఈ ఇంట్లో ఇంకొక్క పిడుదు కనబడితే ఆ కుక్క ఇక్కడ ఉండదు అని. అన్న నాలుగు రోజులకే కనబడింది. సోఫా చేతి మీద, మిరియపు గింజంత, తాగి బలిసి, అద్దె కడుతున్నట్టు నింపాదిగా పాకుతూ.

మా ఆయన ఆ సాయంత్రమే వాళ్ళన్నయ్యకి ఫోన్ చేశారు. మా బావగారికి ఊరవతల కలప డిపో ఉంది. కాపలాకి కుక్క కావాలని ఎప్పట్నించో అంటున్నారు. పగలు గొలుసు, రాత్రి గేటు లోపల స్వేచ్ఛ, అదీ అక్కడి జీవితం. ఆదివారం తెచ్చి దింపుతామని మా ఆయన మాట ఇచ్చేశారు. ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు, ఇక తృప్తేనా అన్నట్టు.

మా అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఇంట్లో దాన్ని ఉడుత అంటాం, ఒకచోట కుదురుగా కూర్చున్నదే లేదు కాబట్టి. ఆ ఉడుత బొగ్గు పక్కన నేల మీద గంటసేపు కదలకుండా కూర్చుంది. బొగ్గంటే మా కుక్క. నల్లటి ఒళ్ళు, ఏ జాతో దానికే తెలీదు. పిల్ల దాని చెవి ఒకటి మడుస్తుంది, తెరుస్తుంది, మళ్ళీ మడుస్తుంది. ఉడుతకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

నా సంగతి కొంచెం చెప్పాలి. పిల్ల దగ్గితే నాకు ఊపిరితిత్తులు గుర్తొస్తాయి. బడి బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో మనసులో వరస పెట్టుకుంటాను. మా ఆయన నన్ను సైరన్ అంటారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా మందు పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు మాత్రం ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను. సగం అర్థం కాదు. అర్థమైన సగం భయపెట్టేదే.

పిడుదుల మందు చిన్న గొట్టంలో వస్తుంది. కుక్క నాలుక అందని చోట, మెడ వెనక రెండు భుజాల మధ్య, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వెయ్యాలి. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. తారీఖు తప్పకుండా తాళ్ళకీ చక్రాలకీ గ్రీజు పెట్టే మనిషి. బొగ్గుకీ అదే పద్ధతి. మందుకి రెండు రోజుల ముందు స్నానం, ఒకటో తారీఖు పొద్దున చుక్కలు. వంటింటి తలుపు వెనక ఒక అట్టముక్క మీద తారీఖు వేసి సంతకం కూడా పెడతారు, ఎవరో ఇన్‌స్పెక్టర్ వచ్చి అడుగుతాడన్నట్టు.

చుక్కలు వేశాక బొగ్గు మెడ మీద అరచేయంత జిడ్డు మరక తేలుతుంది. ఘాటు వాసన. పెట్టె మీద రాసి ఉంది: పిల్లలకు దూరంగా ఉంచండి, ఆరేవరకు చేత్తో తాకకండి. మరి మా ఉడుత మొహం పెట్టుకునేది ఎక్కడ? సరిగ్గా అక్కడే. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి, బొగ్గు మెడలో మొహం దాచుకుని, ఆ రోజు ఎవరితో పచ్చీ ఎవరితో కచ్చీ అన్నీ దానికి చెప్పుకుంటుంది. ఆ జిడ్డు పెదాలకి అంటి, లోపలికి పోయి... ఆ పైన నేను ఆలోచించలేను. ఆలోచిస్తాను, అదే కదా నా జబ్బు.

నేను లాండ్రీలో పని చేస్తాను. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు, ఫ్యాక్టరీ చొక్కాలు. పధ్నాలుగేళ్ళుగా నా బతుకు మరకలతోనే. మా దగ్గర చేరిన మొదటి రోజున నేర్పేది ఒకటే: మరక పచ్చిగా ఉండగానే దాని పని పట్టాలి, ఆరనిచ్చామా, గుడ్డని వదలదు. మందు లోపలికి పోయేదేదో సూదిమందులా గంటలో పోతుంది, పైన మిగిలింది ఉత్త జిడ్డే అనుకున్నాను. అందుకని ప్రతి ఒకటో తారీఖునా, మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, నేను మధ్యాహ్నం షిఫ్టుకి బయల్దేరే ముందు, బొగ్గుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, గిన్నెలు తోమే నిమ్మ సబ్బుతో ఆ ఒక్క చోట రుద్ది కడిగి, తువ్వాలుతో ఒత్తి, బాల్కనీలో ఎండకి కూర్చోబెట్టేదాన్ని. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే సైరన్ మోగింది అంటారు. పిల్ల ఇంటికొచ్చేసరికి మెడ పొడిగా ఉండేది. నా ప్రాణం కుదుటపడేది.

ఏడు నెలలు ఇలా నడిచింది. పిడుదులు తగ్గకపోగా పెరిగాయి. మా ఆయన మూడు రకాల మందులు మార్చారు. మూడోసారి మందుల షాపుకెళ్ళి నలుగురి ముందూ, "నీళ్ళు కలిపి అమ్ముతున్నారా ఏంటి?" అని గట్టిగా అడిగారు.

షాపావిడ ఊరుకునే మనిషి కాదు. "నీళ్ళు కలిపితే ఇంత కంపు ఎక్కణ్ణించి వస్తుందండీ, నా మొహంలోంచా?" అంది.

అదీ పరిస్థితి. ఇక ఆదివారం బొగ్గు వెళ్ళిపోతుందనగా శుక్రవారం ఉడుత వాళ్ళ నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, ఒక్కసారి కుక్కల డాక్టరుకి చూపిద్దాం. ఆవిడ కూడా లాభం లేదంటే నేనింకేం మాట్లాడను."

మా ఆయన నన్ను చూశారు. నేను గోడని చూశాను.

శనివారం ముగ్గురం వెళ్ళాం. ఒకే గది, నడుమ స్టీలు బల్ల. బల్ల మీద బొగ్గు గోళ్ళు నిలవక టకటకమని జారుతుంటే ఉడుత దాని ముందు కాళ్ళు రెండూ పట్టుకుంది. డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. తొందరపడని చేతులు. బొగ్గు పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. "రంగు బాగానే ఉంది. పాలిపోతే భయపడాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు రక్తాన్ని తినేస్తాయి," అంది. చెవుల లోపల, తోక కింద, కాలివేళ్ళ సందుల్లో వెతికి, దొరికినదాన్నల్లా చిన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగి, స్పిరిట్ సీసాలో వేసింది. పదకొండు.

"చుక్కల మందు వేస్తున్నారా?"

"ఒకటో తారీఖు దాటనివ్వను మేడమ్," అన్నారు మా ఆయన. తలుపు వెనక అట్టముక్క కూడా జేబులోంచి తీశారు. అది తెచ్చారని నాకు తెలీదు.

డాక్టరమ్మ అట్టముక్క చూసి నవ్వింది. "నా దగ్గరికొచ్చే వాళ్ళంతా ఇలా రాస్తే నా పని సగం తగ్గును. స్నానం?"

"మందుకి రెండు రోజుల ముందు. మళ్ళీ నెల తిరిగేదాకా చుక్క నీళ్ళు పడవు."

"మూడు రకాలూ పని చెయ్యలేదంటే వింతగా ఉందే." ఆవిడ మెడ మీద వెంట్రుకలు పాయ తీసింది. అక్కడే వేళ్ళతో నలిపింది. తర్వాత నడుము దగ్గర నలిపింది. మళ్ళీ మెడ దగ్గరికొచ్చింది. "ఇక్కడ మాత్రం వెంట్రుకలు ఎండుగడ్డిలా ఉన్నాయి. ఈ మందు చర్మంలోని నూనెతో కలిసి రెండు రోజుల్లో ఒళ్ళంతా పాకుతుంది. ఆ నూనే లేకపోతే ఇక పాకడానికి దారేదీ? మీ వీధిలో పిడుదులు ఈ మందులకి అలవాటు పడిపోయాయేమో కూడా. చెప్పలేను."

"అయితే లాభం లేదంటారు," అన్నారు మా ఆయన. "పోన్లెండి, రేపు ఎలాగూ మా అన్నయ్య దగ్గరికి పంపించేస్తున్నాం."

ఉడుత తలెత్తలేదు. బొగ్గు కాళ్ళు పట్టుకున్న చేతులు మాత్రం ఇంకొంచెం బిగిశాయి.

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఏడు నెలలుగా ఆయన ముందు వేస్తుంటే నేను వెనక కడిగేస్తున్నాను. నా పిల్ల చెవి వెనకకి ఆ పిడుదుని ఎక్కించింది నేనే.

నిజం చెబుతాను. నోరు మూసుకుందామనే అనిపించింది ముందు. సిగ్గు ఒక్కటే కాదు. ఆదివారం కుక్క వెళ్ళిపోతే నా భయాల్లో ఒకటి శాశ్వతంగా తగ్గుతుంది. పిడుదుల్లేవు, కాటు లేదు, జ్వరం లేదు. ఎవరికీ తెలీదు. పిల్ల ఓ నెల బెంగ పెట్టుకుంటుంది, తర్వాత మరిచిపోతుంది. ఇదంతా బల్ల పక్కన నిలబడి, సీసాలో కాళ్ళు కొట్టుకుంటున్న ఆ పురుగుల్ని చూస్తూ ఆలోచించాను. ఉడుత బొగ్గు చెవిలో ఏదో చెబుతోంది. నాకు వినబడలేదు. నాకు వినబడకూడదనే అంత మెల్లగా చెబుతోందని మాత్రం తెలిసింది.

"నేను కడిగేశానండీ," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"మందు వేసిన గంటకి, ఆయన వెళ్ళాక. గిన్నెల సబ్బుతో. ప్రతి నెలా. పిల్ల మొహానికి అంటుకుంటుందని."

మా ఆయన అట్టముక్కని చూసుకున్నారు. తన సంతకాలన్నీ వరసగా. "అంటే నేను గ్రీజు పెట్టి దిగుతుంటే, వెనకాలే నువ్వు గుడ్డ పట్టుకుని తుడుస్తున్నావన్నమాట. ఏడు నెలలు! ఆ షాపావిణ్ణి ఎన్ని మాటలన్నానే!"

"నేనొచ్చి చెబుతాను లెండి."

"నువ్వే చెప్పాలి. నేను పక్కన కూడా నిలబడను."

డాక్టరమ్మ మధ్యలోకి వచ్చింది. "అమ్మా, మీ భయం తప్పు కాదు. ఆరేదాకా పిల్లని దూరంగా ఉంచాల్సిందే. కడగాల్సింది కుక్కని కాదు, అంతే. ఆ రెండు రోజులూ దాన్ని వేరే గదిలో పడుకోబెట్టండి."

అప్పుడు ఉడుత అంది, మళ్ళీ తల దించుకుని: "నాకు తెలుసు."

"ఏం తెలుసే?"

"నువ్వు కడుగుతావని. బొగ్గు మెడ నిమ్మ సబ్బు వాసన వస్తుందిగా."

"మరి చెప్పలేదేం?"

"అది తప్పని నాకేం తెలుసు? అడిగితే ఎందుకడిగావంటావు, ఏమైందంటావు, మొదలెడతావు." బొగ్గు కాలొకటి వదిలింది. "చెవి దగ్గరది మొదటిది కూడా కాదు. ముందు రెండొచ్చాయి. నేనే పీకేసుకున్నా."

గౌను అంచు ఎత్తి మోకాలి వెనక చూపించింది. రెండు చిన్న మచ్చలు, మానిపోయినవి. ఒకదాని మీద గోటితో గీరిన గుర్తు.

"ఎప్పుడు?"

"సెలవులప్పుడు."

అంటే మూడు నెలలు. మూడు నెలలు రోజూ ఆ కాళ్ళు నా కళ్ళ ముందే తిరిగాయి. తల దువ్వాను, బట్టలు మడిచాను, నుదురు తాకి జ్వరం చూశాను. ప్రపంచంలో జరగగలిగే చెడ్డవన్నీ నాకు కంఠతా వచ్చు. నా పిల్ల నా నుంచి దాచుకుంటుందన్నది మాత్రం ఆ జాబితాలో లేదు. దాచింది పిడుదుకి భయపడి కాదు, నాకు భయపడి.

డాక్టరమ్మ మచ్చల్ని వంగి చూసింది. "మామూలుగానే ఉన్నాయి. కానీ నేను మనుషుల డాక్టర్ని కాను, ఒకసారి మీ డాక్టరుకి చూపించండి," అని, ఉడుతతో, "ఈసారి గోటితో పీకొద్దు తల్లీ. తల లోపల ఉండిపోతుంది. అమ్మకి చెప్పు," అంది.

ఉడుత నన్ను చూసింది. 

దార్లో మా ఆయన వాళ్ళన్నయ్యకి ఫోన్ చేశారు. "అన్నయ్యా, కుక్క రావట్లేదు. దానికి ఇక్కడే కాపలా పని పడింది... ఎవరికా? మా ఆవిడకి."

ఆ ఆదివారం చుక్కలు మళ్ళీ వేశారు. రెండు రోజులు నేను పడ్డ యాతన చెప్పుకుంటే నవ్వుతారు. మా ఆయన నిమ్మ సబ్బు తీసుకెళ్ళి పనిముట్ల పెట్టెలో దాచేశారు. నేను కుక్క జోలికి పోకుండా చెయ్యగలిగిందంతా చేశాను: దాని పరుపు గుడ్డలు, సోఫా తొడుగులు, తలగడ గలీబులు వేడినీళ్ళలో మరగబెట్టాను, సోఫా వెనక గోడ పగుళ్ళు పూడ్పించాను. షాపావిడ దగ్గరికీ వెళ్ళాను. అంతా విని ఆవిడ, "మా ఆయన కూడా అంతే అమ్మా, ముందు నన్నే అంటాడు," అని కుర్చీ చూపించింది.

పిడుదులు ఒక్క వారంలో పోలేదు. తగ్గుతూ వచ్చాయి. నేను తగ్గానా అంటే, లోపల తగ్గలేదు. పైకి మాత్రం ఒక పని నేర్చుకున్నాను. పిల్ల ఏదైనా చెప్పబోతే, అది పూర్తయ్యేదాకా నా నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. పళ్ళు నొప్పెట్టేవి.

నెల దాటాక ఒక సాయంత్రం నేను బట్టలు మడుస్తుంటే ఉడుత గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, అరవనంటే ఒకటి చూపిస్తా."

"చూపించు."

మేజోడు కిందికి లాగింది. చీలమండ పైన, నువ్వుగింజంత. చిన్నదే, ఇంకా బలవలేదు. నా చెవుల్లో హోరు మొదలైంది. లేచి పట్టకారు తెచ్చాను. చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగాను. వచ్చేసింది, తలతో సహా. స్పిరిట్‌తో తుడిచాను. 

ఉడుత నా మొహాన్నే చూస్తోంది, నోట్లోంచి ఏదైనా వస్తుందేమోనని. రాకపోయేసరికి వచ్చి పక్కన కూర్చుంది. మడతపెట్టిన తువ్వాలు ఒకటి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకోటుంది. అది పిడుదు కాదు."

"ఊఁ."

"నాకు బళ్ళో బోర్డు కనబడట్లేదు. చాలా రోజులనుంచి. పక్కమ్మాయిది చూసి రాసుకుంటున్నా."

నా తలలో ఆసుపత్రులు, ఆపరేషన్లు, చేతికర్ర పట్టుకుని నడిచే నా పిల్ల, అన్నీ ఒక్కసారిగా బయల్దేరాయి. వాటిని రానిచ్చాను. నోటి దాకా మాత్రం రానివ్వలేదు.

"ఏ బెంచీలో కూర్చుంటే కనబడట్లేదు?" అని అడిగాను.

"మూడోది," అంది, ఇంకొంచెం దగ్గరికి జరిగి. "రెండోదాంట్లో కూడా కొంచెం."