దారి చూసే బండి

యుద్ధం నడుస్తున్న ఆ ఊళ్ళో అంబులెన్సు బండ్లు జంటగానే కదిలేవి. ముందుది ఖాళీ బండి. రోడ్డు ఉందో లేదో చూసుకుంటూ ఒక్క డ్రైవరే దాన్ని నడుపుతాడు. కంటికి ఆనేంత దూరంలో, గాయపడినవాళ్ళతో రెండోది వస్తుంది. ముందు బండికి ఏమైనా అయితే వెనకది ఆగకూడదు. మారుమాట లేకుండా వెనక్కి తిప్పాలి. మొదటి గుండు బండి కోసమైతే, రెండోది సాయానికి పరుగెత్తేవాళ్ళ కోసం. వచ్చిన ప్రతి వాలంటీరుకూ ఈ పాఠం చెప్పేది నర్సే.

ఆ నర్సే తన సొంత తమ్ముణ్ని ముందు బండిలో పెట్టింది.

ఇంటి దగ్గర ఫ్రిజ్‌లు బాగుచేసుకునే ఆరడుగుల మనిషి అతను. అయినా అక్కకి బుడ్డోడే, దాంతో అందరికీ బుడ్డోడే అయ్యాడు. "ఇద్దరూ ఒకే బండిలో ఉండండే" అని అమ్మ ఫోన్లో బతిమాలితే నర్సు "అలాగేనమ్మా" అని నిక్షేపంగా అబద్ధమాడేసింది. తోటివాళ్ళ గుసగుసలు మాత్రం ఆగలేదు. అది గుండె కాదు, బండరాయి అన్నారు. ఆ బండరాయి రోజూ ఎన్నిసార్లు కడుపులోకి జారేదో వాళ్ళకేం తెలుసు! లోకం నోటికి మూత ఉందా?

ఆ మధ్యాహ్నం, జనం తలదాచుకున్న బడి నేలమాళిగలోంచి ఇద్దరిని ఎక్కించుకున్నారు. ఒకరు కాలు చితికిన పాప, ఇంకొకరు ఊపిరందని ముసలాయన. పాప తల్లి కూడా ఎక్కింది. స్టీరింగ్ దగ్గర నర్సు, పక్కన, అందరూ టైలరు మావయ్య అని పిలిచే పెద్దాయన. ఈయన కుట్టుమిషను మూసేసి, స్ట్రెచర్లు మోయడానికి వచ్చినవాడు.

దూరంగా బుడ్డోడి బండి వంతెన ముందు ఆగింది. ఎందుకాగాడో అనుకునేలోపే నేల అదిరింది. బండి ఉన్నచోట నల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

నర్సు కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది.

"పోనీయమ్మా! మీ తమ్ముడక్కడ!" టైలరు అరిచాడు.

వెనక పాప మూలిగింది. ఆ మూలుగు వినపడకపోతే బాగుండుననిపించింది నర్సుకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమెకి రెండూ ఒక్కసారే కనిపించాయి. చేతులు తనవి కానట్టు స్టీరింగ్ తిప్పాయి. టైలరు తిట్టాడు. బండి మలుపు తిరిగిందో లేదో, వెనక అదే చోట రెండో గుండు పడింది.

తిరిగి బడి నేలమాళిగకి చేరాక నర్సు పాపకి కట్టు మార్చడానికి కూర్చుంది. బాగున్న కాలికి కట్టబోయింది. పాప తల్లి మెల్లిగా ఆమె చెయ్యి పట్టుకుని రెండో కాలి మీద పెట్టింది. మెట్ల మీద ఎప్పుడు అలికిడైనా నర్సు తలెత్తలేదు. ఎవరో వచ్చి ఆ మాట చెబుతారని భయం.

పొద్దు వాలుతుండగా మెట్ల మీద ఒంటి చెప్పు చప్పుడైంది. ఒళ్ళంతా దుమ్ము, చెవిలోంచి నెత్తురు, బుడ్డోడు!

"అక్కా, బండి తిప్పావా?" అదే అతని మొదటి మాట.

"తిప్పాను."

"అమ్మయ్య! వంతెన మీద గొయ్యెంత లోతుందో చూద్దామని దిగానే, అదే బతికించింది. కాలవలో పడుకుని ఒకటే భయం, నువ్వెక్కడ వచ్చేస్తావోనని." మెట్టు మీద కూలబడ్డాడు. "నేనైతే తిప్పేవాణ్ని కాదక్కా. పాఠం లేదు, గీఠం లేదు, నీకోసం వచ్చేసేవాణ్ని."

"తెలుసురా" అంది నర్సు. "వెనక బండిలో నువ్వుంటే లోపలున్నవాళ్ళందర్నీ తెచ్చి నాతోపాటు చంపేవాడివి. అందుకే నిన్ను ముందు పెట్టాను."

టైలరు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

బుడ్డోడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి రేపు?"

నర్సు అతని చెవిలో నెత్తురు దూదితో అద్దుతోంది.

"రేపూ నువ్వే ముందు" అంది.