‘తప్ప’ అనే మాట

ఆదివారం భోజనానికి లోర్నా బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఆమె భర్త గారెట్ డేటన్ నగరంలో పేరున్న లాయరు. పక్కనే బల్ల దగ్గర కూర్చుని, లా కాలేజీ ప్రవేశ పరీక్షకు చదువుతున్న మేనకోడలు బ్రిటాకు పాఠం చెబుతున్నాడు.

బ్రిటా ప్రశ్న చదివింది. టికెట్టు తగ్గించాక బస్సుల్లో జనం పెరిగారు, కాబట్టి తగ్గింపే కారణమట. కింది వాటిలో ఒకటి తప్ప అన్నీ ఈ వాదనను బలహీనపరుస్తాయి. ఆ ఒక్కటి ఏది?

“పెట్రోలు ధర పెరగడం. వాదన నడుం విరిగింది. రెండోది పెట్టెయ్,” అన్నాడు గారెట్.

“‘తప్ప’ అని ఉంది,” అంది లోర్నా.

“ఓవెన్లో కోడి మాడకుండా చూసుకో. ఇది నీ వంటల పుస్తకం కాదు.”

లోర్నాకు ఒళ్ళు మండింది. పదహారేళ్ళ క్రితం రెండుసార్లు ఆ పరీక్ష తప్పి మంచం ఎక్కిన మనిషి ఇతనేనా? ఇన్సూరెన్సు ఆఫీసులో రోజంతా టైపు చేసి వచ్చి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, ‘తప్ప’, ‘అయితేనే’, ‘కావచ్చు’ అన్న మాటల కింద ఎర్ర గీతలు గీసి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది ఎవరు? “వాడు చదువుకుంటుంటే ఇల్లు సద్దుమణిగేలా చూడు, అదే నీ చదువు,” అనేది అత్తగారు. లాయరైన రోజు విందులో ఇతను నలుగురి ముందూ, “అంతా నా పట్టుదల. లోర్నానా? కాఫీ బాగా పెట్టేది,” అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటేనే సిగ్గేసింది.

“మామయ్యా, ‘తప్ప’ అనే ఉంది,” అంది బ్రిటా మెల్లగా.

“ఏదో గాలివాటున తగిలిందిలే మీ అత్తయ్యకి.”

లోర్నా చేతులు తుడుచుకుని వచ్చి బ్రిటా పక్కన కూర్చుంది.

“మనక్కావలసింది వాదనను బలపరచనక్కర్లేదమ్మా. దెబ్బ కొట్టకపోతే చాలు. ‘డ్రైవర్లలో సగంమంది ఆ ఊరివాళ్ళే.’ దీనికీ వాదనకీ సంబంధమే లేదు. నాలుగోది.”

“ఇవన్నీ నీకెలా వచ్చు అత్తయ్యా?”

“మీ మామయ్యకి నేర్పింది నేనే.”

గారెట్ ముఖం కందిపోయింది. “ఎప్పటి మాటో! చదివి వినిపించేదానివి, అంతే. ముందు ఆ కోడి చూడు.”

“ఓవెన్ నీ వెనకే ఉంది, లే.” లోర్నా అతని వైపు చూడలేదు. “బ్రిటా, పరీక్షకి పేరు పంపావా?”

“ఇప్పుడే పంపుతున్నా,” అంటూ బ్రిటా బల్ల మీది కంప్యూటరు తెరిచింది.

“నీది అయ్యాక కంప్యూటరు ఇటు తిప్పు. నా పేరు నేనే రాసుకుంటాను.”