సద్దు లేని అత్త

మా అత్త చౌడమ్మ ఇంట్లో ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను తల తిప్పి చూడాల్సిన పని ఉండేది కాదు. ఆమె గుండె బయటికే వినిపించేది. పదకొండేళ్ల కిందట వేలూరు పెద్దాసుపత్రిలో ఆమె గుండెలో పాడైపోయిన వాల్వు తీసేసి, మనుషులు తయారుచేసిన వాల్వు పెట్టారు. అది మూసుకున్న ప్రతిసారీ టిక్కుమనేది. గోడ గడియారమైతే బ్యాటరీ పీకి పక్కన పెట్టొచ్చు. అత్తను ఏం చేస్తాం?

మాది తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేసే వీధి. ముందు గదిలో మా ఆయన పార్థిబన్ మగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో ఉన్న ఒక్క గదిలోనే ముగ్గురం పడుకోవాలి. నడుమ ఒక దుప్పటి వేలాడదీశాం గానీ దుప్పటికి చప్పుడు ఆగుతుందా? అసలే నాకు నోరు ఎక్కువ, నిద్ర తక్కువ. చౌడమ్మ నాకు పరాయిది కాదు, మా నాన్నకు సొంత అక్క. చిన్నప్పుడు సెలవులకు వస్తే నా తలలో పేలు చూసి జడ వేసింది ఆమే, పట్టుబట్టి నన్ను కోడలిగా తెచ్చుకున్నదీ ఆమే. ఆమె అంటే నాకు ప్రాణం. ఆమె గుండె చప్పుడంటే మాత్రం ఒళ్లు మంట.

ఒకరోజు పొద్దున మగ్గం దగ్గర నిలబడి ఆ మంటంతా మా ఆయన ముందు వెళ్లగక్కాను.

"ఆ సద్దు నిలిచిపోతే చాలు మామా. ఒక్క దినమైనా కంటినిండా నిద్రపోతా."

పక్కింట్లో పవర్‌లూములు హోరుమంటున్నాయి కాబట్టి గొంతు పెంచే అన్నాను. ఆయన తెగిన పోగు ముడివేసుకుంటూ ఉండిపోయాడు. నేనూ అంతటితో మరిచిపోయాను.

నెల గడిచింది. మా ఊళ్లో నెలకొకసారి మరమ్మతుల పేరు చెప్పి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కరెంటు తీసేస్తారు. ఆ రోజు ఫ్యాను ఆగింది, పక్కింటి పవర్‌లూములు ఆగాయి. మా ఆయన నేసిన లుంగీలు ఇచ్చి రావడానికి బజారుకు పోయాడు. నేను గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రేకుల మీద కాకి నడుస్తుంటే దాని గోళ్ల చప్పుడు కూడా తెలుస్తోంది. ఏదో తక్కువైందనిపించింది. ఏమిటో తెలియలేదు. తల తిప్పితే అత్త సరిగ్గా నా వీపు వెనక, గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె వచ్చినట్టు నాకు తెలియలేదు. ఆరేళ్ల కాపురంలో అలా జరగడం అదే మొదటిసారి.

కాఫీ తాగుతావా అని అడిగింది. పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లగా ఉన్నాయి. గ్లాసు అందుకుంటుంటే ఆమె వేళ్లు తగిలాయి. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఆ వేళ్లు చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. జడ వేస్తానని కూర్చోబెట్టి, చిక్కు తీస్తున్నట్టు నటిస్తూ ఆమె వీపుకు చెవి ఆనించాను. టిక్కు లేదు. ఎంతసేపు విన్నా లేదు. అడుగున ఎక్కడో గంజి ఉడుకుతున్నట్టు బుడబుడమని మాత్రం వినిపించింది. ఏమిటే అంది అత్త. ఏం లేదన్నాను. ఆమె లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఎప్పుడు ఆగిందో గుర్తు చేసుకుందామని చూశాను. నిన్ననా, మూడు రోజుల కిందటా? గుర్తు రాలేదు. నేను కోరుకున్నది జరిగిపోయింది, జరిగినట్టు నాకే తెలియలేదు. నాకు నిజంగా భయం వేసింది.

ఆ మధ్యాహ్నం ఉక్కలోనే కాస్త కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి అత్త ఎదురుగా గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. కాసేపు పడుకోరాదా అన్నాను.

"పండుకొంటే ఎవరో ఎద మీద ఎక్కి కూచుంటా ఉండారు" అంది నెమ్మదిగా. "లేచి కూచుంటే దిగిపోతారు."

ఎవరని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సాయంత్రం నీళ్లు పట్టుకునే చోట పొరుగింటి అంజలై చెవిలో మాత్రం వేశాను. ఆమె బిందె కింద పెట్టి, మా ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కొందరికి ప్రాణం పోయిన సంగతి తెలీదు శశీ. తెలిసేదాకా ఇంట్లో పనులు చేసుకుంటా తిరగతానే ఉంటారు. నువ్వు మాత్రం చెప్పొద్దు. చెప్తే ఆడికాడే పడిపోతాది."

నేను పన్నెండో తరగతి పాసైనదాన్ని. అలాంటి మాటలు నమ్ముతానా? నమ్మాను. మూడు రోజులు ఇంకెవరికీ చెప్పలేదు. మీ అమ్మ గుండె ఆగిపోయింది, లోపల దోసెలు పోస్తోంది అని మొగుడికి ఎలా చెప్పను? చెబితే ఆ రోజు నేనన్న మాట కూడా ఆయనకు గుర్తొస్తుంది. భయం సగం, సిగ్గు సగం. అత్త గదిలోకి వచ్చినప్పుడల్లా గోడను పట్టుకునేదాన్ని. ఆమె నాలుగు అడుగులు వేసి ఆగి, నోటితో గాలి పీల్చుకుని, మళ్లీ నడిచేది. దగ్గు వస్తోందంటే మా ఆయన మందుల అంగడి నుంచి దగ్గు మందు తెచ్చిపెట్టాడు. చెప్పుల్లో ఆమె కాళ్లు పట్టలేదు. నూనె రాస్తానని పాదం మీద బొటనవేలితో నొక్కితే, వేలు తీసినా ఆ గుంట చపాతీ పిండిలో పడ్డట్టు అలాగే ఉండిపోయింది.

నాలుగో రోజు పొద్దున పెరట్లో మొహం కడుక్కుంటూ దగ్గింది. రాతి మీద లేత ఎరుపు నురుగు పడింది. అది చూశాక నేను అంజలైని, ఆమె మాటనూ పక్కనపెట్టి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను.

గుడియాత్తం ఆసుపత్రిలో ఆ పూట ఉన్నది డాక్టర్ హేమమాలిని. చిన్న వయసే, నా ఈడు ఉంటుంది. అత్తను పడుకోబెట్టనివ్వలేదు, మంచం తలాపు ఎత్తించి కూర్చోబెట్టింది. మొహానికి ఆక్సిజన్ పెట్టించి, ఒంట్లో నీరు లాగేసే ఇంజెక్షన్ వేయించింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు కింది నుంచి తెల్లగా నిండిపోయి ఉన్నాయి. ఇది హార్ట్ ఫెయిల్యూర్ అని తమిళంలో చెప్పింది. ఫెయిలవడమంటే నాకు తెలిసింది మా ఆయన పదో తరగతే. ఫెయిలైనవాళ్లు ఇంటికి వస్తారు కదా అని పిచ్చిగా ఏదో అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె స్టెతస్కోపు పెట్టి వింది. అత్త ఎద మీద నిలువునా ఉన్న పాత కోత గుర్తును చూసింది. మళ్లీ వింది. ఈసారి కళ్లు మూసుకుని చాలాసేపు వింది. చెవుల్లోంచి గొట్టాలు తీసి నా వైపు తిరిగింది. మా ఆయనా నేనూ మాట్లాడుకుంటుంటే విన్నట్టుంది, ఆమె కూడా తెలుగులోకి దిగింది.

"సద్దు ఎప్పుడు నిలిచిపోయినాదమ్మా?"

అత్త వింటోంది. అంజలై చెప్పినట్టు ఇప్పుడు పడిపోతుందేమోనని అత్తనే చూస్తూ ఉండిపోయాను. పడిపోలేదు. మాస్కు వెనక నుంచి నన్ను చూసింది, అంతే.

"నాలుగు దినాల ముందర చూసినా. అంతకు ముందే నిలిచిపోయిందేమో తెలీదు."

మా ఆయన చటుక్కున నా వైపు తిరిగాడు. ఆ చూపు ఇప్పటికీ నా ఒంటి మీద ఉన్నట్టే ఉంటుంది.

హేమమాలిని ఆయన్నూ నన్నూ పక్కకు పిలిచి చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆ వాల్వులో రెండు చిన్న రేకులు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటాయి, మూసుకున్నప్పుడే టిక్కుమంటాయి. గుండె కొట్టుకుంటూనే ఉంది, తలుపులకే రక్తం గడ్డకట్టి పట్టేసింది. ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి నిలిచి, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతోంది. ఎద మీద ఎక్కి కూర్చుంటున్నది ఆ నీరే. మాత్ర వేసుకుంటోందా అని అడిగింది. రక్తం పలచనగా ఉంచే మాత్ర, రోజుకొకటి, తప్పకుండా వేసుకుంటుందని గట్టిగా చెప్పాను. పట్టీలు ఖాళీ అవుతుంటే కొత్తవి తెస్తున్నది నేనే కదా. నెలనెలా చేయించాల్సిన రక్తపరీక్షను మూడు నెలలుగా వాయిదా వేసింది కూడా నేనే. ఆ సంగతి మాత్రం మెల్లగా చెప్పాను.

మధ్యాహ్నానికి అంబులెన్సులో వేలూరుకు బయలుదేరాం. అత్త కూర్చునే ఉంది. విరించిపురం గుడి దాటేటప్పుడు చేతులు జోడించబోయింది గానీ చెయ్యి పైకి లేవలేదు. నేనే ఆమె చేతులు రెండూ కలిపి పట్టుకున్నాను.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేతోనే కదిలే బొమ్మ తీసి తెర మీద చూపించారు. బూడిదరంగులో అత్త గుండె ముడుచుకుంటోంది, విప్పారుతోంది. మధ్యలో రెండు సన్నటి నల్ల గీతలు. ఒకటి అసలు కదలడం లేదు. ఇంకోటి లేవబోయి, లేవలేక వణుకుతోంది. అంత పెద్ద మనిషి బతుకు ఆ వణుకు మీద నడుస్తోందంటే నాకు దుఃఖం ఆగలేదు. ఎద మళ్లీ కోయడం ఒక దారి, గడ్డను కరిగించే మందు ఎక్కించడం ఇంకో దారి అన్నారు. కోత తట్టుకునే స్థితిలో లేదు. మందు ఎక్కిస్తే గడ్డలోంచి ఒక ముక్క విడిపోయి తలకు చేరవచ్చు. అలా జరిగితే మాట పోవచ్చు, మనిషే పోవచ్చు. మందుకే ఒప్పుకుంటూ మా ఆయన సంతకం పెట్టాడు.

ఒక డాక్టరు ఆకుకూరలు ఎక్కువ తిన్నదా అని అడిగాడు. అవి ఎక్కువైతే ఆ మాత్ర పనిచేయదట. నీరసంగా ఉందని నేనే ఆమెకు వారానికి నాలుగు రోజులు మునగాకు వండిపెట్టాను. కారణం దొరికింది కదా అని దాన్నే పట్టుకున్నాను. నా నోటిమాట కంటే నా వంట మీద నేరం వేసుకోవడం తేలిక.

మందు ఒక పగలూ ఒక రాత్రీ చుక్క చుక్కగా ఎక్కింది. మర్నాడు పదకొండు గంటలకు నన్ను లోపలికి వదిలారు. అత్తకు మెలకువగానే ఉంది. పేరు అడిగితే చెప్పింది, రెండు చేతులూ ఎత్తింది. నేను వంగి చెవి ఆనించాను. దూరంగా, ఇసుకలో పూడ్చిపెట్టిన గడియారంలా, టిక్కు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్కు. సాయంత్రానికి మంచం పక్కన నిలబడినా వినిపించింది. తెర మీద రెండు గీతలూ లేస్తున్నాయని చెప్పారు. వార్డు బయట నేలమీద కూర్చుని మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు మాస్కు తీసేశారు. నర్సు మాత్ర ఇచ్చి, మింగిందాకా నిలబడి, వెళ్లిపోయింది. అత్త నా వైపు తిరిగింది. ఏదో తప్పు చేసినట్టుగా ఉంది మొహం.

"సద్దు మళ్ళా వస్తా ఉండాది" అంది.

రానీలే అన్నాను.

"ఈ మాత్తర ఇస్తా ఉండారు గదా, అందుకే. నెల దినాలుగా నేను మింగలేదమ్మా. కాలవలో వేసేస్తా ఉంటిని. ఆపరేషన్ అప్పుడు నర్సమ్మ చెప్పినాది, ఈ మాత్తర నిలిపేస్తే సద్దు నిలిచిపోతాదని."

ఎవరో నర్సు పదకొండేళ్ల కిందట భయపెట్టడానికి చెప్పిన మాట అది. అత్త దాన్ని ఇన్నేళ్లూ ఒక ఉపాయంగా దాచుకుంది. ఎందుకలా చేశావని నేను అడగకుండానే చెప్పింది.

"పార్థితో అంటివి గదా. పెరట్లో బట్టలు పిండతా ఉంటిని, వినపడినాది."

ఆమె గొంతులో కోపం లేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

"నిలిచిపోయినాక నువ్వు బాగా నిద్రపోతివమ్మా. నాకు పండుకొంటే ఊపిరాడదు గదా, కూచోని నిన్నే చూస్తా ఉంటిని."

ఆగిందని తెలియకముందు ఆ రాత్రులన్నీ నేను నిజంగానే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.