కంట్లో పడ్డ గుండీలు

గుండీలక్కకు నలభై ఆరేళ్ళు. దేన్నీ సూటిగా చూడదు.

కోడి గింజను చూసినట్టు తల ఓ పక్కకి వంచి, కంటి అంచులోంచి చూస్తుంది. కూర తరిగేటప్పుడూ అంతే, వీధి దాటేటప్పుడూ అంతే, మొగుడు మాట్లాడేటప్పుడూ అంతే. సూటిగా చూస్తే వస్తువు ఉండదు మరి. మూడేళ్ళ కిందట చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగు బల్ల దగ్గర కూర్చుని ఒక గుండీ కుట్టు సరిగ్గా పడిందో లేదోనని చూస్తోంది. చూస్తుండగానే గుండీ పోయింది. దారం తెగలేదు, కింద పడలేదు. ఆమె చూపులోకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచే ఆ పేరు. అసలు పేరుతో జీతం రోజు తప్ప ఎవరికీ పని పడదు.

మొదట్లో గుండీలే పోయేవి. తర్వాత చెంచాలు, ఆ తర్వాత మంచం పక్కనున్న అలారం గడియారం. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కొందరి చేతిలో గాజు సామాను నిలవదు, ఈమె చూపుకి వస్తువు నిలవదు, అంతే అనుకున్నారు. అత్త మాత్రం చెంచాల సొరుగుని పై అరలోకి మార్పించి, ఆడపిల్లకి కళ్ళు దించుకోవడం పుట్టింట్లో నేర్పకపోతే ఇలాగే ఉంటుందని తేల్చేసింది. మొగుడు తన మొహం వంక చూడొద్దని మొదటి వారంలోనే చెప్పేశాడు. చెప్పకపోయినా, ఇరవై ఏళ్ళుగా ఆ మొహం వంక తీరిగ్గా చూసే అవకాశం ఆమెకి ఎప్పుడిచ్చారు గనక.

అలా ఆమె ఓరగా చూడడం నేర్చుకుంది. వీధి మలుపులో కొట్టువాడు ఆ చూపు తన కోసమే అనుకుని నెలరోజులు మీసాలు దువ్వుకున్నాడు పాపం.

ఫ్యాక్టరీకి ఒకసారి కళ్ళ పరీక్షల వ్యాను వచ్చింది. అందరితో పాటు ఆమె కంటి వెనక తెరనీ ఫోటో తీశారు. బాగానే ఉందన్నారు. దాంతో మొగుడికి నోరు లేచింది. రోగం కంట్లో లేదు, బుద్ధిలో ఉందన్నాడు. చెకింగులో ఇంక గుండీలు పోనివ్వలేమని ఫ్యాక్టరీ వాళ్ళు ఆమెని మడతల సెక్షనుకి మార్చారు. అక్కడ కిటికీ లేదు. చూడాల్సిన పనీ లేదు, చేతులు ఆడితే చాలు. పదిహేనేళ్ళు వంకర కుట్టుని దూరం నుంచే పట్టేసిన మనిషి అట్ట ముక్కల చుట్టూ చొక్కాలు మడతపెడుతూ కూర్చుంది. ఆ బల్ల పోవడం ఆమెకి ఒంట్లోంచి ఒక ఎముక తీసేసినట్టుగా ఉండేది. ఆ మాట కాజాలు కుట్టే మిషను మీద పనిచేసే కాజాల పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇంతకీ ఆమె కంటాసుపత్రికి వెళ్ళింది తన కళ్ళ కోసం కాదు. మొగుడికి ఏడాదికోసారి కళ్ళ పరీక్ష. కొత్త కళ్ళజోడు తీసుకోవాలి, సంచీ మోయడానికి మనిషి కావాలి. గదిలో అతను గోడ మీది అక్షరాలు చదువుతుంటే ఆమె తలుపు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ అతని కళ్ళలో లైటు వేయబోతూ ఆగి, ఈమె వంక చూసింది.

"ఎప్పట్నుంచి అలా చూస్తున్నారు?"

"అదంతే డాక్టరుగారూ. సూటిగా చూస్తే మింగేస్తుంది," అన్నాడు మొగుడు.

"మిమ్మల్ని అడగలేదు," అంది డాక్టరమ్మ.

గుండీలక్క చెప్పింది. గుండీల దగ్గర మొదలుపెట్టి గడియారం దాకా. వ్యానులో తీసిన ఫోటో సంగతి కూడా చెప్పింది. అది ఫోనులో ఉంది. డాక్టరమ్మ దాన్ని పెద్దది చేసి చూసి, నాలిక చప్పరించింది. ఫోటో తప్పేం కాదు, పక్కన తీశారంది. కన్ను ఎటు చూస్తే మిషను అటే తీస్తుంది. నడిమధ్య తీయాలంటే మనిషి సూటిగా చూడాలి. ఈవిడ పక్కకి చూసింది, వాళ్ళు పక్కనున్న మంచి తెరని తీసి, బాగుందని పంపేశారు.

అంటే చూడొద్దు, చూడొద్దని ఇంటిల్లిపాదీ నేర్పిన ఆ ఓరచూపే ఇన్నాళ్ళూ రోగాన్ని దాచిపెట్టింది.

స్కానింగు గది చీకటిగా, చల్లగా ఉంది. అక్కడి అమ్మాయి గడ్డం ఇక్కడ పెట్టమంది, నుదురు పట్టీకి ఆనించమంది. మిషను లోపల ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది, దాన్నే సూటిగా చూడమంది. కుడికన్నుకి ఏ ఇబ్బందీ రాలేదు. ఎడమకన్ను వంతు వచ్చేసరికి గుండీలక్క తల పక్కకి తిప్పేసింది.

"సూటిగా అమ్మా."

"గుర్తు పోతుందమ్మా."

"పోతే పోనీండి. మా దగ్గర ఇంకోటి ఉంది." ఆ పిల్ల మాటలో విసుగు లేదు. ఇలాంటి కళ్ళు అక్కడికి వస్తూనే ఉంటాయి కాబోలు.

ఇన్నాళ్ళ తర్వాత గుండీలక్క ఒక వస్తువుని ఎదురుగా, నిండుగా చూసింది. ఆకుపచ్చ గుర్తు ఒక్క క్షణం వెలిగి, ఆమె చూపులోకి జారిపోయింది. మిషను కూత పెట్టింది. ఆ పిల్ల సొరుగులోంచి కొత్త గుర్తు తీసి బిగించుకుని, డాక్టరమ్మని పిలిచింది.

కంప్యూటరు తెర మీద తన కంటి బొమ్మ చూస్తే గుండీలక్కకి మడతపెట్టిన చొక్కాల దొంతర గుర్తొచ్చింది. పొర మీద పొర, ఎంతో పద్ధతిగా ఉన్నాయి. ఆ దొంతర నట్టనడుమ ఎవరో కత్తెర దించినట్టు చిల్లు. చిల్లు అడుగున గుండీలు పోగుపడి ఉన్నాయి, వాటి మీద అడ్డంగా చెంచాలు, ఓ పక్కగా గడియారం. అన్నిటికంటే పైన ఇందాకటి ఆకుపచ్చ గుర్తు.

డాక్టరమ్మకి సామానుతో పనిలేదు. అవి ఆపరేషనులో వచ్చేస్తాయంది. వేలితో చిల్లు అంచులు చూపించింది. అవి చినిగిన జేబు అంచుల్లా పైకి లేచి ఉన్నాయి. ఇప్పుడు మూస్తే మూసుకుంటుంది, ఇంకొన్నాళ్ళు ఆగితే అంచులు ఎండిపోతాయి, తర్వాత ఎవరూ ఏం చేయలేరంది. కంట్లోకి గాలి బుడగ పంపిస్తారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది, చిల్లేమో కంటి వెనక ఉంది. అందుకని వారం రోజులు బోర్లా పడుకోవాలి, కూర్చున్నా తల దించుకునే కూర్చోవాలి. అప్పుడే బుడగ చిల్లుకి ఆని దాన్ని మూస్తుంది.

"తల దించుకోవడమేగా. అలవాటే," అంది గుండీలక్క.

మొగుడికి మాత్రం లెక్క కుదరలేదు. వారం రోజులు బోర్లా పడుకుంటే వంటెవరు చేస్తారు, అమ్మకి వేడినీళ్ళెవరు పెడతారు. రెండో కన్ను బాగానే ఉందిగా, దాంతో సర్దుకుంటుందిలే అన్నాడు. ఆపరేషనుకి భర్త సంతకం కావాలన్నది ఆ ఆసుపత్రి రూలు. పెళ్ళిలో కన్ను కూడా రాసిచ్చేశారు కాబోలు. డాక్టరమ్మకి ఆ రూలు నచ్చదు, కానీ దాటలేదు. అతను ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటామని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని, వరండా చివర మంచినీళ్ళ మిషను దాకా వెళ్ళి తల్లికి ఫోను చేశాడు.

గుండీలక్క స్కానింగు గది గుమ్మంలో నిలబడింది. అంత దూరం నుంచి అతను చెంచా అంత ఉన్నాడు.

ఆమె తల నిటారుగా పెట్టి సూటిగా చూసింది.

ముందు కళ్ళజోడు పోయింది. అతను ముక్కు తడుముకున్నాడు. ఫోనులో తల్లి మాట్లాడుతూనే ఉంది. అతనికి అర్థమైంది. ఆ వైపుకి తిరిగి, ఏమీ కనపడని కళ్ళతో, "వద్దు, వద్దు, నేనే వస్తున్నా," అన్నాడు. ఆమె చూపు దించుకుంది. అతను గోడ పట్టుకుని నడిచొచ్చి, ఎక్కడ పెట్టాలని అడిగాడు. స్కానింగు అమ్మాయి అతని చేయి పట్టుకుని సంతకం చోట పెట్టించింది.

ఆపరేషను మర్నాడే చేశారు. కంట్లోంచి తీసిన సామాను ట్రేలో పెట్టి, తోడుగా వచ్చిన కాజాల పిన్ని చేతికిచ్చారు. పిన్ని కళ్ళజోడు తుడిచి మొగుడికి పంపించింది. గుర్తుని స్కానింగు గదిలో ఇచ్చేసింది.

పగటిపూట ఆడది పడుకునే చోటు తమ ఇంట్లో లేదని అత్త చెప్పేసింది గనక, గుండీలక్క పిన్ని గదిలోనే బోర్లా పడుకుంది. మధ్యలో సందు ఉన్న తలగడలో మొహం పెట్టుకుంటే నేల కనిపించేది. మనుషులు పాదాలుగా మాత్రమే వచ్చిపోయేవారు. పిన్ని పాదాలు పొద్దున్నే గబగబా వెళ్ళి సాయంత్రం ఈడ్చుకుంటూ వచ్చేవి. పిన్ని నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ సందులోంచి ఆమె మొహంలోకి చూస్తూ ఫ్యాక్టరీ కబుర్లు చెప్పేది. "నీ ముక్కు ఇంత పొడుగని నాకు తెలీదే పిల్లా," అనేది.

మూడో రోజు మొగుడి పాదాలు వచ్చాయి. చెప్పులు విప్పలేదు. అమ్మకి నడుం పట్టేసింది, రెండు రోజుల్నుంచి బయటి తిండి తింటున్నాం, ఇంటికి రమ్మన్నాడు. తల ఎత్తకూడదని ఆమె చెప్పింది.

"రోజూ రెండు పూటలేగా. వంట అయ్యాక మళ్ళీ దించుకో. బుడగేగా, ఎక్కడికి పోతుంది?"

అతను వంగాడు. అతని చేయి ఆమె గడ్డం కిందకి వచ్చింది, చిన్నపిల్లని లేపినట్టు పైకి ఎత్తబోయింది. ఆమె మొహాన్ని తలగడకి గట్టిగా అదిమిపెట్టింది. కంట్లో బుడగ అంచు నీళ్ళలా కదిలింది.

"చెయ్యి తీయండి."

చేయి అక్కడే ఉంది.

"ఇదివరకు నేను చూస్తే పోతారని భయపడ్డారు. ఇప్పుడు చూడకుండానే చెప్తున్నాను. వెళ్ళండి."

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆ చేయి దానంతట అదే వెనక్కి వెళ్ళింది. పాదాలు కాసేపు నిలబడ్డాయి, ఒక చెప్పు రెండో చెప్పుని తొక్కింది. తర్వాత గుమ్మం దాటాయి. ఆమె తల ఎత్తకుండానే చెయ్యి చాచి నీళ్ళ గ్లాసు అందుకుని, గొట్టం పెట్టుకుని తాగింది.

కొన్ని వారాలకి బుడగ కరిగిపోయింది. కొత్త స్కానులో దొంతర అంచులు రెండూ కలిసిపోయాయి. నడుమ, ఉండాల్సినట్టే, చిన్న గిన్నెలాంటి లోతు మాత్రం మిగిలింది. డాక్టరమ్మ ఆ బొమ్మని ఆమె వైపు తిప్పింది. గుండీలక్క దాన్ని పొర పొరగా చూసింది. గీతలు ఇంకా కాస్త వంకరగా కనపడుతున్నాయని చెప్పింది. నెలలు పడుతుంది, మెరుగవుతుందంది డాక్టరమ్మ. బొమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ కాగితం పట్టుకుని గుండీలక్క ఫ్యాక్టరీ మేనేజరు గదిలోకి వెళ్ళింది. అతని కళ్ళలోకి చూస్తూ, తన బల్ల తనకి కావాలంది. మేనేజరు అలవాటు కొద్దీ మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆగింది. కాసేపటికి ఫైలు కిందకి దిగింది, మొహం అక్కడే ఉంది. సోమవారం నుంచి కూర్చోమన్నాడు.

ఆమె పిన్ని గదిలోనే ఉండిపోయింది. ఆ ఏడాది తిరక్కుండానే విడాకులు తీసుకుంది.