డూప్లికేటు లేని తాళం

గుల్జార్‌బీకి రోడ్డంటే హడల్. బెల్లం లారీలు, ఇసుక టిప్పర్లు తిరిగే అనకాపల్లిలో ఉంటూ అంత భయమైతే రోజు గడవదని ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వేవాళ్ల పిల్లలు లారీ ముందుకి పరుగెత్తలేదు కదా! పోయిన నెలలో ఆమె ఆరేళ్ల కూతురు యుస్రా తల్లి చెయ్యి విడిపించుకుని రోడ్డు మధ్యకి పోయింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి బతికింది. అప్పటినుంచి బయటికి వెళ్లాలంటే గుల్జార్‌బీ పిల్లని ఇంట్లో ఉంచి, కిటికీలన్నీ మూసి దానికి అందని పైగడియలు పెట్టి, తలుపుకి తాళం వేస్తోంది.

ఆ తాళం మామూలుది కాదు. ఆమె మొగుడు అబ్దుల్ సత్తార్ మెయిన్ రోడ్డులో గొడుగు కింద కూర్చుని ఊరందరికీ డూప్లికేటు తాళంచెవులు చేస్తాడు. సొంతింటి తాళంకప్పని విప్పి లోపలి పిన్నులు మార్చి, ఇక దీన్ని ఎవడూ తీయలేడని మురిసిపోయాడు. దానికి ఉన్న తాళంచెవి ఒక్కటే. రెండోది చెయ్యమని అడిగినప్పుడల్లా "రేపు" అనేవాడు. ఊరి పనికి దొరికే తీరిక ఇంటి పనికి దొరకదు.

ఇంట్లో మాత్రం భయం తక్కువా? వారం కిందట యుస్రా స్టవ్ తిప్పబోతే, గుల్జార్‌బీ వేడి గరిట తెచ్చి దాని మణికట్టు మీద చురుక్కుమనిపించింది. "ఇంకోపాలి దీని జోలికొత్తే సెయ్యంతా వాతలే!" అంది. చింతగింజంత మచ్చ పడింది. తర్వాత దానికి కొబ్బరినూనె రాస్తూ తనే ఏడ్చింది. అయినా, ఇక పొయ్యి జోలికి పోదులెమ్మని కొంత నిబ్బరపడింది.

ఇవాళ నాలుగింటికి యుస్రాని లోపల ఉంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, ఎప్పటిలాగే కొడుకు ఫయాజ్‌ని రోడ్డు దాటించడానికి వచ్చింది. స్కూలు ఆటో అవతలి పక్కనే ఆగుతుంది. ఐదు నిమిషాల పని. ఆటో రాలేదు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. డ్రైవరు ఫోను ఎత్తలేదు. నిలబడలేక అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. కొంగు చివర నలిపి నలిపి ముద్ద చేసింది. తీరా వచ్చిన ఆటోలో పద్నాలుగు మంది పిల్లలు. ఫయాజ్ డ్రైవరు సీటు అంచున వేలాడుతున్నాడు.

"పిల్లల్ని ఎక్కించేవా, బత్తాలు ఎక్కించేవా?" అని డ్రైవరు మీద విరుచుకుపడింది. అంతలో పక్కనున్న టీ కొట్టులో పాలు పొంగి పొయ్యి మీద చుర్రుమన్నాయి.

గుల్జార్‌బీ గబుక్కున ఇంటి వైపు తిరిగింది. ఇంట్లో పాలు పెట్టి వచ్చింది!

కాళ్లు ఇంటికి లాగుతున్నా రోడ్డు దారివ్వలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని, మూడు లారీలు పోయేదాకా నిలబడాల్సి వచ్చింది. ఆ కాసేపట్లో ఆమె ప్రాణం సగమైంది.

గుమ్మం దగ్గరే గ్యాసు వాసన కొట్టింది. కొంగు ముడి తడుముకుంది. ముడి లేదు, తాళంచెవీ లేదు. ఎక్కడ జారిపోయిందో! పక్కింటి దుర్గ అప్పుడే చేపల తట్ట దించుకుంటోంది. ఈమె కేక విని రాయి పట్టుకొచ్చింది. అంతలోనే ఆగిపోయింది.

"వద్దొదినా! గేసు వాసనొత్తంది. కప్ప మీద కొడితే నిప్పు రేగుద్ది!"

ఫయాజ్ ఫోను తీసుకుని దూరంగా పరుగెత్తి తండ్రికి చెప్పాడు.

"అమ్మీ, పాలు పొంగిపోయేయి," లోపలినుంచి యుస్రా గొంతు. "మంట ఆరిపోయింది. వాసనొత్తంది."

"లైటు ఎయ్యకు బేటా! పొయ్యి కాడికెళ్లి, కిందున్న గేసు బండ మీద నల్ల మీట తిప్పెయ్."

 "నేను ముట్టుకోను," అంది పిల్ల.

"ముట్టుకో తల్లీ!"

"వాత పెడతావు."

"తిప్పుతావా లేదా? సంపేత్తాను!"

పాత అలవాటు నోట్లోంచి దూకేసింది. లోపల ఏడుపు మొదలై, తలుపుకి దూరంగా జరిగింది.

"బెదిరిత్తే రాదొదినా," దుర్గ ఆమె భుజం పట్టుకుంది.

గుల్జార్‌బీ తలుపు సందుకి మూతి ఆనించింది.  "యుస్రా, ఆ వాత ఎట్టడం నాదే తప్పు. అల్లా మీద ఒట్టు, ఇంకెప్పుడూ ఎట్టను. ఒక్కపాలి తిప్పు బంగారం."

చిన్న అడుగుల చప్పుడు.  గుల్జార్‌బీ తలుపుకి చెవి ఆనించింది. టక్‌మని శబ్దం.

"తిరిగింది అమ్మీ."

"ఇటొచ్చి తలుపు సందులో ముక్కెట్టి నిలబడు. కదలకు."

సత్తార్ రొప్పుతూ వచ్చాడు. తను చేసిన తాళానికి తనే తీగపుల్ల పెట్టి తిప్పాడు. రెండుసార్లు పుల్ల జారిపోయింది. మూడోసారి కప్ప ఊడొచ్చింది. 

దుర్గ వెళ్లి కిటికీలు తెరిచింది. గుల్జార్‌బీ పిల్లని బయటికి లాక్కొచ్చి గుండెకి హత్తుకోబోయింది. యుస్రా ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

 గుల్జార్‌బీ తన వట్టి అరచెయ్యి ముందుకి చాపి, అరుగు మీద అలా కూర్చుంది. చాలాసేపటికి గానీ ఆ చిన్న చేతులు బయటికి రాలేదు.